డబ్బా మీద 450 వాట్లు.. పనికొచ్చేవి 204! కంప్యూటర్ అప్‌గ్రేడ్ చేసే ముందు ఎస్ఎంపీఎస్ సంగతి చూడండి

హైదరాబాద్: మా ఖాలా కొడుకు ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డులు డిజైన్ చేస్తాడు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడింట్లోనూ చేస్తాడు. ఈమధ్య జనం వాట్సాప్‌లో పంపుకునే వీడియో కార్డులు కూడా అడుగుతున్నారు. పాత కంప్యూటర్‌లో ఒక్కో వీడియో తయారవడానికి గంటలు పడుతోందని సెకండ్‌హ్యాండ్‌లో ఒక గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. జీటీఎక్స్ 1660 సూపర్. దానికి 450 వాట్ల పవర్ సప్లై ఉండాలని కంపెనీ చెబుతుంది. భాయ్ కంప్యూటర్‌లో క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్ఎంపీఎస్ మీద కూడా 450 అనే ఉంది. "రెండూ 450 యే కదా భాయ్, ఆరామ్‌గా నడుస్తది" అన్నాడు షాపు కుర్రాడు. కార్డుకు పెట్టే కేబుల్ లేకపోతే ఒక కన్వర్టర్ వైరు కూడా చేతిలో పెట్టాడు.

వారం రోజులు వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడల్లా స్క్రీన్ నల్లగా అయిపోయి సిస్టమ్ దానంతట అదే రీస్టార్ట్ అయ్యేది. ఎనిమిదో రోజు సాయంత్రం ఠప్‌మని శబ్దం, కాలిన వాసన. ఎస్ఎంపీఎస్ పోతూ పోతూ మదర్‌బోర్డును, హార్డ్ డిస్క్‌ను కూడా తీసుకుపోయింది. ఆ డిస్క్‌లో తేదీలు దగ్గర పడ్డ తొమ్మిది పెళ్లి కార్డుల ఫైళ్లున్నాయి. వాటిని మొదటి నుంచి మళ్లీ చేశాడు. రెండు రాత్రులు పక్కన కూర్చుని ప్రూఫులు చూసింది నేనే. సామాన్లు, పోయిన పని కలిపి లెక్కేస్తే నష్టం 14 వేలు దాటింది.

నేను చదివింది కామర్స్, ఎలక్ట్రానిక్స్ కాదు. కానీ రెండు చోట్లా 450 ఉన్నప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నాక అర్థమైంది, ఇది బ్యాలెన్స్ షీట్ చదవడం లాంటిదే. కింద టోటల్ చూస్తే చాలదు, ఏ పద్దులో ఎంత ఉందో చూడాలి.

ఎస్ఎంపీఎస్ ఏం చేస్తుంది?

గోడ సాకెట్‌లో వచ్చేది 230 వోల్టుల ఏసీ కరెంటు. కంప్యూటర్ లోపలి భాగాలకు కావాల్సింది తక్కువ వోల్టుల డీసీ. ఈ మార్పు చేసే డబ్బానే ఎస్ఎంపీఎస్. ఇది ముఖ్యంగా మూడు లైన్లలో కరెంటు ఇస్తుంది. 12 వోల్టులు, 5 వోల్టులు, 3.3 వోల్టులు. ఇప్పటి కంప్యూటర్లలో ఎక్కువ కరెంటు తినే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు దాదాపు మొత్తం 12 వోల్టుల లైన్ నుంచే తీసుకుంటాయి. మిగతా రెండు లైన్ల మీద పడే భారం తక్కువ.

స్టిక్కర్ ఇలా చదవాలి

ఎస్ఎంపీఎస్ పక్కన ఒక పట్టిక అంటించి ఉంటుంది. అందులో 12 వోల్టుల గడి కింద ఎన్ని యాంపియర్లు ఉన్నాయో చూడండి. వోల్టులను యాంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి.

భాయ్ ఎస్ఎంపీఎస్‌లో ఆ గడిలో 17 యాంపియర్లు ఉంది. 12 ఇంటూ 17, అంటే 204 వాట్లు. మరి 450 ఎక్కడిది? మిగతా లైన్లవి కూడా కలిపితేనే ఆ అంకె. చౌక రకాల్లో కొన్నయితే క్షణం పాటు మాత్రమే ఇవ్వగలిగే పీక్ వాట్లను కూడా డబ్బా మీద వేసుకుంటాయి.

ఇక ఖర్చు వైపు చూద్దాం. భాయ్ దగ్గరున్నది నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 84 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు 125 వాట్లు. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్క్, ఫ్యాన్లకు కలిపి ఒక 50 వేసుకోండి. మొత్తం 259. ఇందులో చాలావరకు 12 వోల్టుల లైన్ మీదే పడుతుంది. ఆమదనీ 204, ఖర్చు 259. ఈ దుకాణం ఎన్ని రోజులు నడుస్తుంది?

నమ్మకమైన 550 వాట్ల ఎస్ఎంపీఎస్‌లో ఇదే గడిలో 40 యాంపియర్లకు పైనే కనిపిస్తుంది. అంటే 480 వాట్లకు పైగా 12 వోల్టుల లైన్‌లోనే ఉన్నట్టు.

మీకు ఎన్ని వాట్లు కావాలి?

ప్రాసెసర్ గరిష్ఠంగా తీసుకునే వాట్లు, గ్రాఫిక్స్ కార్డు వాట్లు కలపండి. మిగతా భాగాలకు 50 నుంచి 60 వేయండి. వచ్చిన మొత్తానికి మూడో వంతు నుంచి సగం దాకా అదనంగా పెట్టుకోండి. గ్రాఫిక్స్ కార్డులు లిప్తకాలం పాటు తమ లెక్క కంటే చాలా ఎక్కువ లాగుతాయి, అందుకే ఈ అదనం.

ఉదాహరణకు ఐ5 12400 ప్రాసెసర్ గరిష్ఠంగా 117 వాట్లు. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115. మిగతావి 58 అనుకుంటే మొత్తం 290. సగం కలిపితే 435. ఈ కార్డుకు ఎన్‌విడియా చెప్పేది 550. కాబట్టి మంచి 550 వాట్లది తీసుకుంటే నిశ్చింతగా ఉండొచ్చు. 850 అక్కర్లేదు.

చాలామందికి ఇంకో భయం ఉంటుంది, "పెద్ద ఎస్ఎంపీఎస్ పెడితే కరెంటు బిల్లు పెరగదా?" అని. పెరగదు. 550 వాట్లది ఎప్పుడూ 550 లాగదు. కంప్యూటర్‌కు ఎంత కావాలో అంత, మార్పిడిలో పోయేది కొంత, అంతే లాగుతుంది.

బ్రాంజ్ కొనాలా, గోల్డ్ కొనాలా?

మార్పిడిలో ఎంత కరెంటు వేడిగా వృథా అవుతుందో చెప్పేదే 80 ప్లస్ గుర్తు. 115 వోల్టుల పరీక్షలో, సగం లోడ్ దగ్గర బ్రాంజ్ కనీసం 85 శాతం, గోల్డ్ కనీసం 90 శాతం సామర్థ్యం చూపాలి.

రూపాయల్లో చూద్దాం. మీ కంప్యూటర్ 200 వాట్లు వాడుతుందనుకోండి. బ్రాంజ్ గోడ నుంచి 235 లాగుతుంది, గోల్డ్ 222. తేడా 13 వాట్లు. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిపితే దాదాపు 31 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే ఏడాదికి 250 రూపాయల ఆదా. గోల్డ్ కోసం 2 వేలు ఎక్కువ పెడితే అవి తిరిగి రావడానికి 8 ఏళ్లు! ఇల్లు, చిన్న షాపు అవసరాలకు మంచి బ్రాంజ్ చాలు.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. 80 ప్లస్ అనేది పొదుపుకు గుర్తు, భద్రతకు గ్యారంటీ కాదు. ఓవర్ వోల్టేజ్, ఓవర్ కరెంట్, ఓవర్ పవర్, షార్ట్ సర్క్యూట్, ఓవర్ టెంపరేచర్.. ఈ ప్రొటెక్షన్లు ఉన్నాయో లేదో డబ్బా మీద విడిగా చూడాలి. ఇవి సరిగ్గా ఉంటే లోడ్ ఎక్కువైనప్పుడు ఎస్ఎంపీఎస్ ఆగిపోతుంది. లేకపోతే పక్కవాటిని కూడా కాలుస్తుంది.

పాత ఆఫీసు కంప్యూటర్లు కొన్నవాళ్లు జాగ్రత్త

పిల్లల చదువు కోసం చాలా ఇళ్లలో డెల్, హెచ్‌పీ, లెనోవో కంపెనీల రీఫర్బిష్డ్ సిస్టమ్‌లు కొంటున్నారు. సన్నగా ఉండే మోడళ్లలో చాలావరకు ఎస్ఎంపీఎస్ 180 నుంచి 290 వాట్ల మధ్యే ఉంటుంది. సైజు వేరు, మదర్‌బోర్డుకు పెట్టే పిన్ను కూడా చాలా మోడళ్లలో వేరు. మామూలు 24 పిన్నుల ఎస్ఎంపీఎస్ తెస్తే దూరదు, సరిపోదు. కొనేముందు క్యాబినెట్ తెరిచి ఫోన్‌లో ఫొటో తీసుకుని షాపులో చూపించండి. వీటికి విడిగా పవర్ కేబుల్ అక్కర్లేని చిన్న గ్రాఫిక్స్ కార్డులే మేలు. మదర్‌బోర్డు స్లాట్ గరిష్ఠంగా ఇచ్చేది 75 వాట్లు. కొన్ని ఆఫీసు మోడళ్లలో ఇంకా తక్కువ. ఆ మోడల్ మాన్యువల్ చూసుకోండి.

వైర్ల దగ్గర చేసే తప్పులు

గ్రాఫిక్స్ కార్డుకు పెట్టే 6 పిన్నుల కేబుల్ 75 వాట్లకు, 8 పిన్నులది 150 వాట్లకు లెక్క. ఎస్ఎంపీఎస్‌కే ఈ కేబుల్ లేదంటే, ఆ కార్డును మోయడానికి దాన్ని తయారు చేయలేదని అర్థం. అక్కడ కన్వర్టర్ వైరు పెట్టడమంటే హెచ్చరికను చెరిపేయడమే.

విడదీసే కేబుళ్లుండే మాడ్యులర్ రకంలో ఒక కంపెనీ కేబుల్ ఇంకో కంపెనీ దానికి వాడొద్దు. ప్లగ్ దూరినా లోపలి వైర్ల వరుస వేరుగా ఉండొచ్చు. ఒక్కసారి ఆన్ చేస్తే డిస్కులు కాలిపోతాయి.

పాడైన ఎస్ఎంపీఎస్‌ను ఇంట్లో విప్పొద్దు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు.

యూపీఎస్, ఎర్తింగ్ సంగతి

మార్కెట్లో దొరికే 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్లే ఇస్తాయి. పైన చెప్పిన 290 వాట్ల కంప్యూటర్ ఫుల్ లోడ్‌లో గోడ నుంచి 340 లాగుతుంది, మానిటర్ అదనం. కరెంటు పోగానే యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. అప్‌గ్రేడ్ తర్వాత 1100 వీఏ వైపు చూడండి.

క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందా? ముందు సాకెట్‌లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఎర్తింగ్ లేని ఇంట్లో ఎంత ఖరీదైన ఎస్ఎంపీఎస్ పెట్టినా ఆ షాక్ పోదు.

కొనేటప్పుడు షాపులో అడగాల్సినవి

- 12 వోల్టుల గడిలో ఎన్ని యాంపియర్లు?
- నా గ్రాఫిక్స్ కార్డుకు కావాల్సిన కేబుల్ దీనికే ఉందా?
- ప్రొటెక్షన్లు ఏమేం ఉన్నాయి?
- వారంటీ ఎన్నేళ్లు? మంచివాటికి కనీసం 3 ఏళ్లు, చాలావాటికి 5 ఏళ్లు ఉంటుంది.
- సీరియల్ నంబర్ వేసిన జీఎస్టీ బిల్లు ఇస్తారా? బిల్లు లేకపోతే వారంటీ కోసం తిరగడం కష్టం.
- బీఐఎస్ గుర్తు కింద 'ఆర్' తో మొదలయ్యే నంబర్ ఉందా? ఉంటే దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి.

బడ్జెట్ తక్కువైతే గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు కిందది తీసుకోండి గానీ ఎస్ఎంపీఎస్‌లో తగ్గించొద్దు. కార్డు చిన్నదైతే పని కొంచెం ఆలస్యమవుతుంది. ఎస్ఎంపీఎస్ నాసిదైతే ఉన్న పని కూడా పోతుంది.

భాయ్ ఇప్పుడు 550 వాట్ల బ్రాంజ్ పెట్టించుకున్నాడు. స్టిక్కర్‌లో 12 వోల్టుల గడి తనే చదివి, ఫోన్‌లో గుణించి చూసుకుని మరీ డబ్బులిచ్చాడు. అదే గ్రాఫిక్స్ కార్డు, అదే వీడియోలు, ఇంతవరకు ఒక్కసారి కూడా ఆగలేదు. రోజూ షాపు మూసే ముందు ఆర్డర్ల ఫైళ్లన్నీ ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసుకుంటున్నాడు. ఆ పని మాత్రం మీరు ఈరోజే మొదలుపెట్టండి, అప్‌గ్రేడ్ చేసినా చేయకపోయినా.