స్నేహసంఘములు — గ్రామశాంతి



కర్నూలు, ఆదోని, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు మొదలగు మన పట్టణములలో దారిప్రక్కన నొక పండ్లచక్రపు గుర్తు గల పలకను మీరు చూచియే యుందురు. నీలి, బంగారు వన్నెల చక్రమది. కంటి వైద్యశిబిరమును గూర్చిన ప్రకటనలపైనను, రక్తదానమును గూర్చిన గోడకాగితములపైనను అదియే కన్పట్టుచుండును. అది రోటరీ క్లబ్బువారి చిహ్నము. అది ధనవంతులు ప్రొద్దుపుచ్చు చోటని కొందరును, ఎవరో దొరలు పెట్టిపోయిన సంఘమని కొందరును అనుకొనుట నేను వినియున్నాను. ఆ రెండు మాటలును సరియైనవి కావు. అయినను రెంటియందును కొంత నిజము లేకపోలేదు. ఆ సంఘ మెట్టిది, దానిలోనివారి నడుమ మైత్రి యెట్లు నిలుచుచున్నది, మన గ్రామములవారు దానినుండి గైకొనదగినది యేమైన నున్నదా యను విషయములను గూర్చి యీ ప్రసంగమున ముచ్చటింపదలచితిని.

ఈ సంఘమును స్థాపించినవాడు పాల్ హారిస్ అను న్యాయవాది. అమెరికా దేశమున వర్మాంటు రాష్ట్రములోని వాలింగ్‌ఫర్డ్ అను చిన్న గ్రామమున, తాతయవ్వల యింట నతడు పెరిగెను. పెద్దవాడై వృత్తికొరకు చికాగో మహానగరమునకు చేరెను. అచట లక్షలాది జనులున్నను పలుకరించు వాడు లేడు. పల్లెలో కమ్మరియు, కోమటియు, వైద్యుడును ఒకరి నొకరు పేరుపెట్టి పిలుచుకొను వాడుక యతనికి జ్ఞప్తికి వచ్చుచుండెను. పట్టణమునందును అట్టి చుట్టరికము నేల కల్పించుకొనరాదని తలచి, 1905వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన మరి ముగ్గురితో కూర్చుండెను. వారిలో నొకడు బొగ్గు వర్తకుడు, ఒకడు గనుల ఇంజనీరు, ఒకడు కుట్టుపనివాడు. వంతులవారీగా ఒక్కొక్కమారు ఒక్కొక్కరి వ్యాపారస్థలమున కలిసికొనుచుండుటచేత దానికి రోటరీ, అనగా తిరుగునది, యను పేరు వచ్చినది. కావున నీ సంఘము పట్టణమున పుట్టినదే కాని దాని విత్తనము పల్లెది.

మొదట వారు చేసికొనిన దంతయు తమ మేలే. ఒకరి అంగడిలో నొకరు సరకు కొనుట, ఒకరికొకరు బేరములు కుదుర్చుట. మరుసటి యేడు డోనాల్డు కార్టర్ అను న్యాయవాదిని చేరుమని యడుగగా, తమ లాభము తప్ప ఊరికి మేలు చేయని సంఘమునకు ఆయుస్సు ఉండదనెను. ఆ మాట వారికి తగిలినది. తరువాత వారు పూనుకొనిన మొదటి ఊరి పని యేమని తలచెదరు? గుడి కాదు, విగ్రహము కాదు. నగర కార్యాలయమునకు చేరువగా బాటసారులకొరకు మరుగుదొడ్లు కట్టించుట. సారాయి దుకాణములవారును పెద్ద అంగళ్ళవారును తమ కొట్లలోనికి జనులు వచ్చుట తగ్గునని దాని నెదిరించిరి. రెండేండ్లు పోరిన మీదట పని జరిగినది. పేరుకొరకు చేయువాడు ఈ పని నెన్నుకొనడు గదా!

మనదేశమున మొదటి రోటరీ క్లబ్బు 1919లో కలకత్తాలో కూడినది. చెన్నపట్టణమున 1929లో వచ్చినది. ఇప్పుడు రెండువందలకు మించిన దేశములలోను, దీవులలోను పండ్రెండు లక్షలకు చేరువగా సభ్యులున్నారు. ఆరంభమునుండి పురుషులకే పరిమితమైన యీ సంఘము, 1987లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పిన పిమ్మట, 1989లో ప్రపంచమంతటను స్త్రీలకు తలుపు తెరచినది. ఎనుబదినాలుగేండ్లు పట్టినదనిన, స్నేహము మాట చెప్పువారికిని తమ పాత అలవాటు విడుచుట యెంత కష్టమో తెలియును.

ఇక దాని కట్టుబాట్లు. మొదటినుండి ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్కరినే చేర్చుకొనుట వారి నియమము. ఒక వైద్యుడు, ఒక న్యాయవాది, ఒక బట్టలవర్తకుడు, ఇట్లు. ఇప్పుడీ నియమము సడలినది కాని, ఒకే వృత్తివారితో క్లబ్బు నిండిపోరాదను తలంపు మాత్రము మిగిలియున్నది. ఇది మనకు క్రొత్తది కాదు. విజయనగరపు నాటినుండి మన గ్రామములలో పన్నిద్దరు ఆయగాండ్రు ఉండిరి గదా! రెడ్డి, కరణము, తలారి, పురోహితుడు, కంసాలి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలగువారిలో నెవరు లేకున్నను ఊరికి జరుగదు. పంట కళ్ళములో ప్రతివానికిని కొలచి యిచ్చు మేర యుండెను. కాని భేద మొకటి కలదు. ఆయగాండ్రు ఒక ఊరివారే యైనను ఒక వరుసలో కూర్చుండినవారు కారు. కొందరు అరుగుమీద, కొందరు అరుగుక్రింద. క్లబ్బులో బల్ల యొక్కటే. మన పాత యేర్పాటును పొగడునప్పు డీ సంగతిని మరువరాదని నా అభిప్రాయము.

రెండవ కట్టుబాటు పెత్తనమును గూర్చినది. అధ్యక్షుడు ఏటికొకడు. జూలై 1వ తేదీన క్రొత్తవాడు మెడలో పట్టెడ వేసికొనును, పాతవాడు మామూలు కుర్చీలోనికి పోవును. కడప క్లబ్బునకును ఇదే నియమము, లోకమంతటి సంఘమునకును ఇదే నియమము. మంచివాడైనను, గట్టివాడైనను, ఏడాది నిండిన దిగవలసినదే. మన గ్రామములలో జగడములకు మూలమేమని విచారించినచో, పొలము గట్టుకంటెను, నీటి వంతుకంటెను, ఈ పెత్తనమే యెక్కువగా కన్పట్టును. మునసబు, కరణముల వంశపారంపర్యపు ఉద్యోగములు 1984లో రద్దయినవి. కాని ఊరి పెద్దరికము తమ యింటిది యను భావము రద్దు కాలేదు. ఏడాదికి దిగిపోవువానిని చంపి సాధించున దేమున్నది? ఓపికపట్టిన చాలును.

మూడవది, క్లబ్బునందు ఏ మతపక్షమును గాని, ఎన్నికల పక్షమును గాని వహింపరాదు. ఎవరి యింట వారికి వారి దేవుడు, ఎవరి ఓటు వారిది. అచట మాత్రము పని మాటయే. హెర్బర్టు టేలర్ అను చికాగో వర్తకుడు 1932లో, దివాలాకు చేరువైన తన వంటపాత్రల కంపెనీని నిలుపుటకై నాలుగు ప్రశ్నలను వ్రాసికొనెను. అవి తరువాత క్లబ్బులకన్నిటికిని వ్యాపించినవి. తలచినదానిని, పలుకునదానిని, చేయునదానిని నాలుగు విధముల పరీక్షించుకొనవలెనని వాని సారము: అది నిజమా, సంబంధించినవారి కందరికి న్యాయమా, స్నేహమును పెంచునా, అందరికిని మేలగునా. రచ్చబండకడ కూర్చుండి తీర్పు చెప్పు పెద్దలు మొదటి రెంటిని సాధారణముగా అడుగుదురు. మూడవదానిని అడుగుట అరుదు. తీర్పు న్యాయమైనదే కావచ్చును. కాని ఓడినవాడు మరునాడు గెలిచినవాని వాకిట నడువగలడా యనునది వేరొక ప్రశ్న.

చికాగోలో వారొకరినొకరు పేరుపెట్టి పిలుచుకొనుట స్నేహచిహ్నముగా నెంచిరి. మనకు పెద్దవానిని పేరుపెట్టి పిలుచుట మర్యాద కాదు గనుక, మనవారు పేరునకు ముందు రొటేరియన్ అను మాటను తగిలించుకొనిరి. పల్లెలో నీ చిక్కు లేదు. మన సీమలో హిందువు సాయిబును మామా యనుటయు, సాయిబు రెడ్డిని చిన్నాయనా యనుటయు ఎవరు నేర్పిరి? ఉగాదినాడు దేవుని కడపలోని లక్ష్మీవేంకటేశ్వరస్వామి ఆలయమునకు ముసల్మానులు కొబ్బరికాయలతో వచ్చి మ్రొక్కు వాడుక నేటికిని కలదు. పీర్లపండుగనాడు గుండము త్రవ్వువారిలోను, పీరు నెత్తువారిలోను ఏ మతమువారెందరో లెక్కపెట్టినవాడు లేడు. కావున మతముల నడుమ స్నేహము నేర్చుకొనుటకు మనము చికాగో పోనక్కరలేదు. మనకు లోటున్నది ఒకే ఊరిలో, ఒకే దేవునికి మ్రొక్కు రెండు పక్షముల నడుమ.

ఇక్కడ నొక కష్టమైన సంగతిని చెప్పవలెను. సభ్యుల నడుమ శాంతి యుండుట మాత్రము చాలునా? జర్మనీ దేశమున 1933లో హిట్లరు అధికారమునకు రాగానే అచటి రోటరీ క్లబ్బులు తమకు ముప్పు రాకుండుటకై యూదుజాతి సభ్యులను, ప్రభుత్వమునకు గిట్టనివారిని వెళ్ళగొట్టినవి. మ్యూనికు క్లబ్బువారు 1929లో నోబెలు బహుమానము పొందిన రచయిత తామస్ మాన్ అంతటివానినే తొలగించిరి. మిగిలినవారు ప్రశాంతముగా భోజనము చేసిరి. ఆ ప్రశాంతతయు నాలుగేండ్లే దక్కినది. 1937లో ఆ దేశపు క్లబ్బులన్నియు మూతపడినవి. ఒకనిని బయటకు నెట్టి కొనుక్కొనిన స్నేహమునకు ఆ వెల పడినది.

మన గ్రామములలో పార్టీ యనగా రాజకీయపక్షము కాదు, ఊరిని రెండుగా చీల్చిన వర్గములలో నొకటి యని మీకు తెలియనిది కాదు. ఆ వర్గము లోపలను గొప్ప స్నేహమే యుండును. ఒకనికి జ్వరము వచ్చిన పదిమంది వత్తురు. ఒకడు జైలుకు పోయిన వాని పిల్లల పోషణ నాయకుడు చూచును. కాని ఆ స్నేహమునకు ఎదుటివాడు శత్రువై యుండవలెను. ఇది పాళెగాండ్రనుండి వచ్చిన జబ్బని చాలమంది వ్రాయుదురు. 1800లో నిజాము ఈ సీమలో పెద్దభాగమును ఇంగ్లీషు కుంఫిణీకి విడిచిపెట్టగా, 1807 వరకు కలెక్టరుగా నున్న తామస్ మన్రో పాళెగాండ్రను అణచి పింఛనుల పాలు చేసెను. అంత పాతకథతో నేటి తప్పును కప్పిపుచ్చుట నాకు సరిగా తోచదు. సారాయి పాటలు, రోడ్డు గుత్తలు, గనులు, ఓట్లు — వీనినుండి వచ్చు ధనము వర్గములను పోషించినంతగా పాళెగాని పేరు పోషించలేదు. దేవనకొండ మండలములోని కప్పట్రాళ్ళ యను గ్రామము కక్షలకు పేరుపడినది. 2015లో జిల్లా పోలీసు అధికారియే దానిని దత్తత గైకొని రోడ్లు, బడి మొదలగు పనులకు పూనుకొనెను. అది మెచ్చదగిన పనియే. కాని అధికారి బదిలీ యగును. ఊరిలో నుండువారు ఊరివారే.

కలిసి చేయు పని కక్షను కొంతసేపైన ఆపగలదా యన్నచో, ఆపిన దృష్టాంతము కలదు. ఎల్ సాల్వడార్ అను చిన్న దేశమున అంతర్యుద్ధము సాగుచుండగా, 1985లో పిల్లలకు టీకాలు వేయుటకై ఇరుపక్షములవారును మూడు దినములు తుపాకులు దించిరి. ఐక్యరాజ్యసమితి బాలల నిధియు, క్రైస్తవాలయమువారును దానికై మధ్యవర్తిత్వము నెరపిరి. ఆ యేడే రోటరీవారు లోకమంతటను పోలియోను నిర్మూలింతుమని పూనిరి. 1988లో ప్రపంచమున ఏటికి మూడున్నర లక్షల పిల్లలు ఆ వ్యాధివలన అవిటివారగుచుండిరి. మనదేశమున కడపటి బిడ్డకు 2011 జనవరి 13న హౌరాలో ఆ వ్యాధి సోకినది. 2014 మార్చి 27న మనకు పోలియో లేని దేశమను నిర్ణయపత్రము వచ్చినది. ఆదివారమునాడు మీ ఊరి బడివద్ద చుక్కలు వేసినప్పుడు ఏ పార్టీవాని బిడ్డయని అడిగినవారు లేరు గదా! వరుసలో ఇరువర్గముల తల్లులును నిలుచుండిరి.

అయినను పట్టణపు క్లబ్బు పల్లెకు సరిపడదు. చందా హెచ్చు, మాటలు తరచుగా ఇంగ్లీషున, కూటము రాత్రివేళ హోటలులో. ఈ లోపము వారికిని తెలిసినదే. ఫిలిప్పీనులవాడైన కపరాస్ 1986లో లోకాధ్యక్షుడుగా నున్నపుడు రోటరీ గ్రామదళము లను నేర్పాటు పెట్టెను. క్లబ్బులో సభ్యులు కానక్కరలేని గ్రామస్థులే తమ సంఘముగా చేరి, తమ ఊరికి కావలసిన పనిని తామే నిర్ణయించుకొందురు. దగ్గరి పట్టణపు క్లబ్బు వారికి తోడుపడును. ఇప్పుడు దానిని రోటరీ సామాజిక దళమందురు.

ఇంతకంటెను దగ్గరి దృష్టాంతము కర్నూలు ప్రక్కననే కలదు. ఓర్వకల్లు మండలమున 1990ల దశకమునుండి బీదస్త్రీలు పొదుపుసంఘములుగా కూడి, చిన్నచిన్న మొత్తములు కూడబెట్టి, మండలమంతటికి నొక ఐక్యసంఘమును నిలిపిరి. నిర్ణీతదినమున కూటము, అందరియెదుట లెక్క, తీసికొనిన అప్పు తీర్చుట, తీర్చనిచో తోటివారికి జవాబు చెప్పుట — కట్టుబాట్లు చూడగా చికాగోవారివే యన్నట్లుండును. వారు చదువుకొని చేసినది కాదు. మీ ఊరిలో రెండు వర్గముల యిండ్ల స్త్రీలును ఒక్క సంఘములో నున్నచో, పురుషులు చేయలేనిది వారప్పుడే చేసినారని యెరుగుడు. వారి కూటమునకు అడ్డుపడకుండుట పెద్దల మొదటి కర్తవ్యము.

గ్రామదళమును పెట్టదలచినవారికి రెండు మాటలు. తొలుత ఎన్నుకొను పని చిన్నదిగా, ఎవరికిని పేరు రానిదిగా నుండవలెను: పూడిన పశువుల తొట్టి, బడి మరుగుదొడ్డి, శ్మశానపు దారి. గుడి గోపురముతో మొదలుపెట్టినచో శిలాఫలకముమీద ఎవరిపేరు ముందను తగవుతోనే పని ముగియును. లెక్కలు వ్రాయువాడు ఒక వర్గమువాడైనచో సొమ్ము దాచువాడు వేరొక వర్గమువాడై యుండవలెను. పెద్దను ఏటికొకనిని మార్చవలెను. ఆ మార్పుదినమును ఉగాదిగా పెట్టుకొనినచో ఎవరును మరువరు. పట్టణపు క్లబ్బునకు జాబు వ్రాయువారు జూన్ కడపటివారమున గాని, జూలై మొదటివారమున గాని వ్రాయుట మేలు. అప్పుడే క్రొత్త అధ్యక్షుడు గద్దె నెక్కును, ఏడాదిలో చేయదగిన పనికై వెదకుచుండును. మార్చి దాటిన పిమ్మట వ్రాసినచో వచ్చు ఏటివారికి పంపెదమని బదులు వచ్చుట సాధారణము.