హౌస్ సంగీతము - దానిని విను విధము

అద్దంకి వీథులలో పెండ్లి యూరేగింపు సాగునపుడు డోలు సన్నాయిలకు తోడుగనో, వానికి మారుగనో డీజే బండి వచ్చుట నేడు సామాన్యమైనది. ఆ బండి పాఠశాల ప్రహరీ ప్రక్కగా పోవువేళ తరగతిలోని పిల్లల పాదములు బల్లల క్రింద తమంతట తామే కదలుటను మేము చూచుచున్నాము. అదే సమయమున అరుగులపై గూర్చున్న పెద్దలు చెవులు మూసికొని, "ఇదియు నొక సంగీతమా? ఆదినుండి తుదివరకు ఒక్కటే మోత గదా!" యని విసుగుకొనుటయు చూచుచున్నాము. ఈ యిరు తెగలవారిలో న్యాయమెవరిది? ఇది తేల్చవలెనన్న ఆ సంగీత మెక్కడ పుట్టినదో, దాని కట్టడ మెట్టిదో, దాని నెట్లు వినవలయునో తెలియవలయును.

బండిపై మ్రోగునవి ఎక్కువగా సినిమా పాటల యొక్కయు జానపదముల యొక్కయు రీమిక్సులు. వానిలో తీన్‌మార్ వంటి మన దరువులును కలవు. కాని పాటను విడదీసి, యంత్రపు దరువుపై నిలిపి, మరల కూర్చు పద్ధతి లోకమంతట వ్యాపించుటకు ముఖ్యకారణములలో హౌస్ సంగీత మొకటి.

అమెరికాలోని షికాగో నగరమున 1977వ సంవత్సరమున 'వేర్‌హౌస్', అనగా గిడ్డంగి, అను నృత్యశాల తెరువబడెను. ఆ పేరులోని యుత్తరభాగమే యీ సంగీతమునకు పేరైనదని చెప్పుదురు. అందు పాటలు నడపినవాడు ఫ్రాంకీ నకుల్స్ (1955-2014). అచ్చటికి వచ్చువారిలో పెక్కుమంది నల్లజాతి యువకులు, లాటిన్ అమెరికా వంశీయులు, స్వలింగానురాగులని సంఘము దూరముంచినవారు. వారికి ప్రియమైనది డిస్కో. అది గిట్టనివారు 1979 జులై 12వ తేదీన ఆ నగరమందే కొమిస్కీ పార్కు అను బేస్‌బాల్ మైదానమున పెద్ద పెట్టె నిండ డిస్కో రికార్డులు నింపి, మందుపెట్టి పేల్చివేసిరి. జనులు మైదానములోనికి చొరబడగా ఆనాటి రెండవ ఆట జరుగనే లేదు.

రికార్డులు పగిలినవి గాని సంగీతము చావలేదు. నకుల్స్ పాత పాటల టేపును కత్తిరించి, అతికి, పొడిగించి, దానికి యంత్రపు దరువును చేర్చుచు వచ్చెను. జపాను దేశపు రోలాండ్ కంపెనీవారు 1980లో టి.ఆర్. 808, 1983లో టి.ఆర్. 909 అను దరువు యంత్రములను వెలువరించిరి. వాద్యబృందమును కూర్చుకొనుటకు ధనము లేని కుఱ్ఱవాడు అట్టి యంత్రముతో తన గదిలోనే పాట కట్టగలిగెను. 1984లో జెస్సీ సాండర్స్ వెలువరించిన 'ఆన్ అండ్ ఆన్' తొలి హౌస్ రికార్డులలో నొకటిగా నెన్నబడుచున్నది.

మిషను పాఠశాల చదువరులకు మరియొక సంగతి చెప్పవలసియున్నది. హౌస్ పాటల గానరీతిలో నల్లజాతి దేవాలయముల కీర్తనల జాడ స్పష్టముగా కలదు. ఒకరు పల్లవి నెత్తగా సభయంతయు నందుకొను పద్ధతి మన కూటములలో నున్నట్లే వారి కూటములలోను కలదు. అదియే యీ పాటలలోనికి వచ్చెను. 1987లో జో స్మూత్ కూర్చిన ప్రసిద్ధమైన హౌస్ పాట పేరే 'వాగ్దత్తభూమి' యని యర్థమిచ్చును. త్రోసివేయబడినవారి నిరీక్షణ దరువుగా మారినదని దీనివలన గ్రహింపనగును.

మన దేశమునకును ఇందు భాగము కలదు. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ యంత్రములపై భైరవి, తోడి, యమన్ మొదలగు పది రాగములను డిస్కో దరువుతో కూర్చి రికార్డుగా వెలువరించెను. నాడు దాని నడిగినవారు తక్కువ. 2010లో అది మరల వెలువడినపుడు, షికాగోవారు కొన్నియేండ్ల పిమ్మట చేసిన దానిని ఇంతగా పోలియున్నదేమని లోక మాశ్చర్యపడెను. ఆయన 2015లో కీర్తిశేషు డయ్యెను.

ఇక కట్టడమును చూతము. హౌస్ పాటలో నిమిషమునకు సుమారు 120 మొదలు 130 వరకు దరువులుండును. ప్రతి దరువునను పెద్ద డోలు మ్రోగును. రెండవ, నాలుగవ దరువులపై చప్పట్లు పడును. దరువునకును దరువునకును నడిమి సందున 'చిస్సు'మని తాళము పలుకును. నాలుగేసి దరువుల వరుసలు రెండు చేరిన మన ఆదితాళపు ఆవర్తమొకటి యగును: లఘువునకు 4, రెండు ద్రుతములకు 4. నిమిషమునకు 128 దరువులు గల పాటలో ఇట్టి ఆవర్తములు 16 సరిగా ఒక నిమిషమున ముగియును. పాటలోని పెద్ద మార్పులు తరచుగా 4, 8, 16 ఆవర్తములు ముగియుచోటనే వచ్చును. చేతితో తాళము వేయుచు లెక్కించు విద్యార్థికి మార్పు రాకమున్నే దాని రాక తెలియును. ఎదురు చూచినది సరిగా ఆ క్షణమున వచ్చుటయే యిందలి మొదటి యానందము.

రెండవ యానందము తీసివేతలో నున్నది. నడుమ నొకచోట డోలు హఠాత్తుగా నాగిపోవును. స్వరము మాత్రము గాలిలో నిలిచియుండును. తిరుగలి ఆగినప్పుడు గాని అంతవరకు దాని మ్రోత వినబడుచుండెనని ఇంటివారికి తోచదు. అట్లే డోలు లేనప్పుడు గాని దాని విలువ తెలియదు. అది మరల వచ్చి పడినపుడు సభ యంతయు నొక్కసారిగా లేచును. ఈ రాకనే డీజేలు 'డ్రాప్' అందురు.

"ఒక్కటే మోత" యను నాక్షేపణకు అద్దంకియే జవాబు చెప్పగలదు. క్రీ.శ. 848 నాటిదని చెప్పబడు పండరంగని అద్దంకి శాసనములోని పద్యము తరువోజ. మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము గల ద్విపద పాదపు నడక దాని ప్రతి పాదమునందును రెండుమారులు వచ్చును. దంపుళ్ళ పాటలకును తరువోజకును సంబంధము కలదని చెప్పుదురు. రోకలి ఒక్క తీరుననే పడును. దానిపై మాట మారుచుండును. తిరిగి తిరిగి వచ్చునది పునాది, మారునది గోడ. పునాదిని మాత్రమే చూచి ఇల్లు లేదనుట తగదు.

డీజే పని యేమి? హౌస్ పాటల మొదటను చివరను తరచుగా దరువు మాత్రమే యుండును. అది ఒక పాటను మరియొకదానితో అతుకుటకై విడిచిన అంచు. ఒకటి 124, వేరొకటి 126 దరువుల వేగము గలవైనచో, డీజే వేగమును సరిచేసి, రెంటి దరువులును ఒక్కటిగా పడునట్లు కలిపి, మొదటిదానిని మెల్లగా తగ్గించును. ఎచ్చట మొదటిది ముగిసెనో వినువానికి తెలియరాదు. ఈ నేర్పు మనకు క్రొత్త కాదు. 14వ శతాబ్దమున అద్దంకి రాజధానిగా నేలిన ప్రోలయ వేమారెడ్డి యాస్థానకవి ఎఱ్ఱాప్రగడ, నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును పూరించునపుడు నన్నయ ధోరణిలో నారంభించి క్రమక్రమముగా తిక్కన ధోరణిలోనికి దిగెనని మన పెద్దలు కొనియాడుదురు. అతుకు కనబడకుండుటయే యచ్చటను మెప్పు.

రీమిక్సు అనగా ఉన్న పాటకే క్రొత్త కూర్పు. 'కొండవీటి దొంగ' (1990) చిత్రమునకు ఇళయరాజా కూర్చిన యుగళగీతమును 'నాయక్' (2013) చిత్రమునకై తమన్ క్రొత్త వాద్యములతో మరల కూర్చెను. తండ్రి యొకటి, కుమారుడు వేరొకటి యెఱిగిన ఇండ్లలో ఈ రెండును వెంట వెంట వినుట మంచి పాఠము. మూడు ప్రశ్నలు వేసికొనవలయును: దేనిని నిలిపినాడు? దేనిని తీసినాడు? దేనిని చేర్చినాడు? వేగమును మ్రోతను మాత్రమే పెంచిన రీమిక్సు వట్టి యార్భాటము. పాత పాటలో మనము గమనింపని యందమును చూపినది నిజమైన రీమిక్సు.

ఇంతవరకు పిల్లల పక్షమున పలికితిమి. పెద్దల పక్షమునను బలమైన న్యాయమున్నది. అది సంగీతమును గూర్చినది కాదు, చెవిని గూర్చినది. శబ్దమును డెసిబెల్లులలో కొలుతురు. 3 డెసిబెల్లులు పెరిగిన శబ్దశక్తి రెట్టింపగును. 85 డెసిబెల్లుల శబ్దమును 8 గంటలు ఓర్వగల చెవికి 88 అయినచో 4 గంటలు, 100 అయినచో 15 నిమిషములు మాత్రమే హద్దు. లోపలిచెవిలో సూక్ష్మమైన రోమకణములు కలవు. అవి చచ్చినచో మరల మొలవవు. మోత యాగిన పిమ్మట చెవిలో 'గుయ్' మనుట అవి పెట్టు మొర. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులను హద్దుగా విధించినవి. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు బహిరంగ స్థలములలో లౌడుస్పీకర్లను నిషేధించినవి. పొరుగింట రోగి యుండవచ్చును, చంటిబిడ్డ యుండవచ్చును, పరీక్షకు చదువు బాలిక యుండవచ్చును.

కావున ఇరుపక్షములవారును తమ తమ వంతున న్యాయము పలికినవారే. పెద్దలారా, మోతను తగ్గింపుడని చెప్పుడు; సంగీతమును మాత్రము హేళన చేయకుడు. ఒకప్పుడు హేళన చేసినవారు రికార్డులను పేల్చిరి గాని దరువు నాపలేకపోయిరి. విద్యార్థులారా, ఒక సాయంకాలము మీ తలిదండ్రుల ప్రక్కన గూర్చుండి, మాట వినబడునంత మెల్లగా పాట పెట్టి, ఆదితాళము వేయుచు ఆవర్తములు లెక్కింపుడు. డోలు ఆగుచోటును, మరల వచ్చుచోటును వారికి ముందుగా చెప్పి చూపుడు. అట్లు వినిన పెద్దలు మరునాడు అరుగుపైనుండి "ఒక్కటే మోత" యనరని మా నమ్మకము.