రాచపుండు – మూలకణములు

గరికను పైపైన కోసినను వేరు నిలిచిన మరల చిగుర్చును. నోటను గొంతునను బుట్టు రాచపుండును అట్టిదే. వైద్యులు కోసి తీసివేసినను కొందఱికి మరల పుట్టుచున్నది. దీనికి కారణమేమి?

పుండులోని కణములన్నియు నొక్క తీరువి కావు. కొన్ని మాత్రమే తమవంటివానిని, తక్కినవానిని గూడ పుట్టింపగలవు. వీనినే మూలకణములందురు. 2007వ సంవత్సరమున అమెరికాలోని మిషిగన్, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులు, సి.డి. 44 అను ప్రోటీను పైపొరయందు గల కణములను, అది లేనివానిని వేఱుపఱచి, రోగనిరోధకశక్తి లేని చిట్టెలుకలకు ఎక్కించిరి. మొదటివియే క్రొత్త పుండును బుట్టించెను. అవి సాధారణముగా పుండులో నూటికి 10కి లోపే. అయితే ఈ ప్రోటీను ఆరోగ్యకణములపైనను గలదు. కావున దీని నొక్కదానినే గుఱిచేసి మందు ప్రయోగించినచో మంచి కణములకును హాని కలుగవచ్చును. అందుచే మఱికొన్ని గుర్తులకై పరిశోధనలు సాగుచున్నవి.

విద్యార్థులారా! శ్రీకాకుళపు తీరమున కొందఱు స్త్రీలు చుట్టను నిప్పుకొన నోటిలోనుంచుకొని త్రాగుదురు. ఈ అడ్డపొగవలన అంగిట రాచపుండు పుట్టును. మన జైనూరు సంతలో దొరకు పొగాకు, గుట్కా, వక్కపొడియు నట్టి కీడునే చేయును. ఇంటిలో నెవరికైనను నోటిపుండుగాని తెల్లమచ్చగాని రెండు వారములలో మానకున్న, సిగ్గుపడక వైద్యునకు చూపింపుడు. వేరూనకముందే పెఱికిన కలుపు సులభముగ వచ్చును.