ముట్లుడుగు వయస్సున తెలియవలసినవి

ముట్లుడుగుట రోగము కాదు. మన దేశమున నిది సాధారణముగా 46, 47 యేండ్ల ప్రాయమున సంభవించును. అంతకు గొన్ని సంవత్సరములు ముందునుండియే ముట్టు క్రమము తప్పును, ఒడలికి ఆవిరులు గ్రమ్మును, నిద్ర చెడును, మనస్సు చికాకుపడును.

ఈ కాలపు రక్తస్రావమునకు గర్భసంచి తీయించుటయే మందని మనలో ననేకులు తలంచుచున్నారు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము 15–49 యేండ్ల స్త్రీలలో నట్లు తీయించుకొన్నవారు దేశమున నూటికి సుమారు ముగ్గురు, తెలంగాణమున నెనమండుగురు. అండాశయములను గూడ దీసినచో ముట్లుడుగుట యొక్కసారిగా సంభవించి, యెముకలు త్వరగా గుల్లబారును. కావున ముందుగా కారణమును పరీక్ష చేయించుడు. మందులతో కుదురునేమో యడుగుడు. రెండవ వైద్యుని యభిప్రాయమును గైకొనుడు.

ఎముకల బలమునకు కాల్షియ మావశ్యకము. కాచిగూడ కనతిదూరమున, తార్నాకలో నున్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ననుసరించి 100 గ్రాముల రాగులలో నది 364 మిల్లీగ్రాములు గలదు. రాగి సంకటిని, పాలు పెరుగులను విడువకుడు.

పండ్రెండు మాసములు వరుసగా ముట్టు నిలుచువఱకు గర్భము కలుగవచ్చును. ఆ పిమ్మట రక్తము చుక్క కనబడినను సిగ్గుపడి దాచక, వెంటనే వైద్యునకు జూపుకొనుడని మా మనవి.