దురదకు ఇంటిల్లిపాదికీ ఒకటే ట్యూబా?

వానాకాలం మొదలైందంటే మా ఓపీలో దురదలతో వచ్చేవాళ్లు పెరుగుతారు. నిరుడు శ్రావణంలో ఒక కుటుంబం వచ్చింది. భార్య, భర్త, ఐదో తరగతి చదివే పాప. ఏమైందని అడిగేలోపే ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక ట్యూబ్ తీసి బల్ల మీద పెట్టారు. చివరిదాకా చుట్టచుట్టి పిండేసిన ట్యూబ్. ‘‘ఇది రాస్తే రెండ్రోజుల్లో తగ్గుతుంది మేడమ్. ఆపితే మళ్లీ వస్తుంది. నాలుగు నెలల నుంచీ ఇదే వరస’’ అన్నారు.

ముందు ఆయనకు గజ్జల్లో వచ్చింది. తర్వాత ఆవిడకు నడుం చుట్టూ, లంగా బొందు ఒరుసుకునే చోట. ఇప్పుడు పాప బుగ్గ మీద. ‘‘మా పిల్లికూనకు చెవి దగ్గర బొచ్చు ఊడితే దానికీ ఇదే రాశాం’’ అంది పాప. తల్లి గుడ్లురిమి చూశారు. కానీ ఆ ఒక్క మాట చెప్పకపోతే నేను సగం జబ్బుకే మందు రాసి పంపేదాన్ని.

ట్యూబ్ వెనక చదివారా?

ఆ ముగ్గురికీ వచ్చింది తామర. అంచు కాస్త ఉబ్బి, ఎర్రగా, పొట్టు లేస్తూ గుండ్రంగా పాకుతుంది, మధ్యలో తేరుకున్నట్టు కనిపిస్తుంది. దీనికి కారణం ఫంగస్. చెమట పట్టి గాలి ఆడని చోటల్లా పెరుగుతుంది. బిగుతు జీన్సులు, లెగ్గింగులు, సరిగా ఆరని లోదుస్తులు, ఇంటిల్లిపాదీ వాడే ఒకే తువ్వాలు దీనికి పుట్టిళ్లు.

ఇక ఆ ట్యూబ్. వెనక సన్నటి అక్షరాల్లో క్లోబెటసాల్, ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినాఫిన్ అని నాలుగు పేర్లున్నాయి. ఒకటి స్టిరాయిడ్, రెండు యాంటీబయాటిక్ తరహావి, ఒకటి ఫంగస్ మందు. ఏదో ఒకటి తగలకపోతుందా అన్న లెక్కన చేసిన కలగూరగంప ఇది. ఇందులో క్లోబెటసాల్ పైపూత స్టిరాయిడ్లన్నిటిలోకీ అత్యంత ఘాటైన వాటిలో ఒకటి. రాసిన రెండ్రోజుల్లో ఎరుపు, దురద తగ్గేది దాని వల్లే. చర్మం ఫంగస్‌తో చేస్తున్న పోరాటాన్ని అది అణచేస్తుంది. మంట కనిపించదు, ఫంగస్ మాత్రం నిశ్చింతగా పాకుతుంటుంది. ఆపగానే రెట్టింపై బయటపడుతుంది. మళ్లీ ట్యూబ్. కొన్నాళ్లకు వలయంలో వలయం ఏర్పడి, అసలు తామరలా కనిపించకుండా పోతుంది. అప్పుడు చర్మ వైద్యులకు కూడా పోల్చుకోవడం కష్టమే.

ఆయన తొడల లోపలివైపు చూశాను. కాన్పయిన వాళ్ల పొట్ట మీద ఉంటాయే, అలాంటి చారలు ఎర్రగా, వేలెడంత వెడల్పున. స్టిరాయిడ్‌కు చర్మం పలచబడి చిట్లిన గుర్తులవి. తామర తగ్గినా అవి పోవు. గజ్జలు, చంకలు, ముఖం లాంటి చోట్ల చర్మం మందును త్వరగా పీల్చుకుంటుంది కాబట్టి నష్టమూ త్వరగానే జరుగుతుంది. పాప బుగ్గ మీద అప్పటికే సన్నటి రక్తనాళాలు తేలుతున్నాయి.

స్టిరాయిడ్ పేరు వింటేనే భయపడమని నా ఉద్దేశం కాదు. ఎగ్జిమాకు, కొన్ని ఎలర్జీలకు అదే సరైన మందు. ఎంత ఘాటుది, ఎన్ని రోజులు, ఒంట్లో ఏ భాగంలో అన్నది డాక్టరు చెప్పాలి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పైపూతలను షెడ్యూల్-హెచ్‌లోకి తెచ్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా మెడికల్ షాపులో ‘దురదకు ఏదైనా ఇవ్వండి’ అంటే ఏం చేతిలో పెడతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ట్యూబ్ తిప్పి చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ - వీటిలో ఏ పేరున్నా డాక్టరు చెప్పనిదే రాయొద్దు.

ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. మామూలు మందులకు లొంగని ఫంగస్ రకం ఒకటి మన దేశంలో బాగా పాకింది. 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినే అని మన దేశం పేరు కలిసొచ్చేలా పేరు పెట్టారు. గర్వపడే సంగతేం కాదు. ఒకప్పుడు రెండు, మూడు వారాల పూతతో పోయే తామరకు ఇప్పుడు పూతతో పాటు నెల, రెండు నెలలు మాత్రలు వాడాల్సి వస్తోంది. మచ్చ మీదే కాక చుట్టూ రెండు సెంటీమీటర్ల మేర మందు రాయాలి. కనిపించకుండా పోయాక కూడా కనీసం రెండు వారాలు కొనసాగించాలి. చాలామంది ఆపేసేది సరిగ్గా అక్కడే. ఇక వెల్లుల్లి నూరి కట్టుకుని బొబ్బలెక్కి వచ్చేవాళ్లు ఏటా ఉంటారు. అది చర్మాన్ని కాలుస్తుంది. దయచేసి చేయకండి.

గజ్జి లెక్క వేరు

రాత్రి పక్క మీదికి చేరగానే దురద ఎక్కువవుతోందా? వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ, మగవాళ్లకు మర్మాంగాల మీద చిన్న చిన్న పొక్కులున్నాయా? ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటున్నారా? అయితే గజ్జి అనుకోవాలి. ఇది కంటికి కనిపించనంత చిన్న పురుగు చర్మంలో సొరంగం తవ్వుకుని గుడ్లు పెట్టడం వల్ల వస్తుంది. శుభ్రంగా ఉండేవాళ్లకు రాదనుకోవడం పొరపాటు. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన పిల్లల ద్వారా ఎన్నో ఇళ్లలోకి వస్తుంది.

మొదటిసారి సోకినవాళ్లకు నాలుగు నుంచి ఆరు వారాల దాకా దురదే ఉండదు. కానీ ఆలోపే పక్కవాళ్లకు అంటించగలరు. అందుకే దురద ఉన్నా లేకున్నా ఇంట్లో అందరూ ఒకే రాత్రి మందు రాసుకోవాలి. ‘నాకేం లేదు, నేనెందుకు రాసుకోవాలి’ అనే పెద్దాయన ఒక్కరుంటే చాలు, నెల తిరిగేసరికి మళ్లీ మొదటికొస్తుంది. డాక్టరు రాసిచ్చిన 5 శాతం పర్మెత్రిన్ క్రీమును మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా పట్టించి, 8 నుంచి 14 గంటలుంచి స్నానం చేయాలి. వారం తర్వాత ఇంకోసారి. పసిపిల్లలకు, గర్భిణులకు ఎలా వాడాలో విడిగా అడగండి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి వారం పక్కన పడేస్తే చాలు, ఒంటిని వదిలిన పురుగు మూడు, నాలుగు రోజులకు మించి బతకదు. మందు పనిచేశాక కూడా రెండు, నాలుగు వారాలు దురద ఉండొచ్చు. తగ్గలేదనుకుని రోజూ పూస్తే చర్మం మండిపోతుంది.

మా ఇంట్లో నేనే పప్పులో కాలేశాను

మూడేళ్ల కిందట మా అబ్బాయి వీధిలోంచి కుక్కపిల్లను తెచ్చాడు. కొన్నాళ్లకు మావారికి ముంజేతుల మీద, పొట్ట మీద ఎర్రటి పొక్కులు, దురద. దోమలేమో అన్నాను, ఎలర్జీ అన్నాను, రోజుకో సెట్రిజిన్ ఇచ్చాను. రెండు వారాలు గడిచాయి. పొక్కులున్నది సరిగ్గా కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకుంటే తగిలే చోట్లలోనేనని నాకు తట్టలేదు. దాని చెవి అంచుల్లో పొక్కు కట్టి, మోచేతుల దగ్గర బొచ్చు రాలాక పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన దాని చెవి అంచును వేళ్ల మధ్య రుద్దారు. వెంటనే వెనక కాలు గోక్కుంటున్నట్టు ఆడింది. చర్మం గీకి మైక్రోస్కోపులో చూస్తే పురుగు కనపడలేదు. చాలాసార్లు కనపడదట. లక్షణాలు చూసే గజ్జికి వైద్యం మొదలుపెట్టారు.

కుక్క గజ్జి పురుగు మన గజ్జి పురుగుకు దాయాదే కానీ మన ఒంటి మీద సంతానం పెంచుకోలేదు. కుక్కకు నయమైతే మనకు దానంతటదే తగ్గుతుంది. మావారికి రెండు వారాల్లో పోయింది, గజ్జి మందు రాయకుండానే.

పిల్లి తామర అలా కాదు. అది మనకు నిజంగానే అంటుకుంటుంది, మందు వాడాల్సిందే. పిల్లికూనలకు, ముఖ్యంగా బొచ్చెక్కువ ఉండే పర్షియన్లకు ఎక్కువ. ఒక్కోసారి పిల్లి మీద ఏ మచ్చా ఉండదు, ఎత్తుకున్న పిల్లల బుగ్గ మీదో మెడ మీదో తేలుతుంది.

పెంపుడు జంతువులకు మన మందులు వద్దు. అవి నాకుతాయి, పూసిందంతా పొట్టలోకి పోతుంది. మనకు గజ్జికి వాడే పర్మెత్రిన్ పిల్లుల ప్రాణం తీస్తుంది. కుక్కల గోమార్లకు అమ్మే కొన్ని మందుల్లోనూ అదే ఉంటుంది కాబట్టి కుక్క మందు పిల్లికి వేయకండి. ఫినాయిల్, కిరోసిన్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ పట్టించే అలవాటు ఇంకా ఉంది. అది వైద్యం కాదు, హింస.

వీటికి ఆగొద్దు

ఒంటి మీద ఏ పొక్కూ లేకుండా వారాల తరబడి దురద ఉంటే కాలేయం, కిడ్నీ, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించాలి. ఏడో నెల దాటిన గర్భిణికి అరచేతులు, అరికాళ్లు రాత్రుళ్లు విపరీతంగా దురద పెడితే మర్నాడే ఆస్పత్రికి రండి. అది కాలేయ సమస్య కావొచ్చు, బిడ్డకు ప్రమాదం. దద్దుర్లతో పాటు పెదాలు వాచి, ఊపిరి అందకపోతే వెంటనే 108కి ఫోన్ చేయాలి. గజ్జి పుండ్లలో చీము పట్టిన పిల్లలకు ముఖం వాచినా, మూత్రం ఎర్రగా వచ్చినా ఆలస్యం చేయొద్దు. కిడ్నీ దెబ్బతింటున్న సూచన అది.

ఆ కుటుంబం సంగతి చెప్పలేదు కదూ. ట్యూబ్ ఆపేయించి, ముగ్గురినీ మా చర్మ విభాగానికి, పిల్లిని పశువుల ఆస్పత్రికి పంపాను. మొదటి పది రోజులు ఎరుపు ఇంకా పెరిగింది. ట్యూబ్ ఆపితే అలా అవుతుందని ముందే చెప్పడం మంచిదైంది, లేకపోతే మళ్లీ షాపుకే వెళ్లేవారు. రెండున్నర నెలలకు ముగ్గురికీ తగ్గింది. ఆయన తొడల మీద చారలు అలాగే ఉన్నాయి. పాప మాత్రం వచ్చిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న, పిల్లిని ఎప్పుడు ఎత్తుకోవచ్చని. పశువుల డాక్టరు సరేనన్నాక అన్నాను. కిందటి నెల జ్వరానికి వచ్చినప్పుడు చూశాను, స్కూల్ యూనిఫాం నిండా తెల్ల బొచ్చు.