పోపుల డబ్బాలో పొదుపు

ఒక్క జీతం మీద నడిచే ఇంట్లో అద్దె, పాలు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు ఒకటో తారీఖునే పక్కన పెట్టాలి. ఆ తర్వాత కోతకు వీలున్నది వంటింట్లోనే. అందుకే తెలుగిళ్లలో ఏడాది సరుకును పంట చేతికొచ్చే రోజుల్లో కొంటారు: సంక్రాంతి దాటాక కందిపప్పు, వేసవి మొదట్లో చింతపండు, ఎండుమిర్చి. అయితే చవకగా కొన్నది పురుగు పడితే లాభమంతా పోయినట్టే. చింతపండు గింజలు, ఈనెలు తీసి, కాస్త ఎండనిచ్చి, రాళ్ల ఉప్పు చల్లుతూ జాడీలో పొరలుగా అదిమి పెడతారు. తడి చెయ్యి తగలనివ్వరు. పప్పు డబ్బాలో ఎండు వేపాకు వేస్తారు.

ఇలా మిగిలిన డబ్బు పోపుల డబ్బాలోకో, బియ్యం డబ్బా అడుక్కో చేరుతుంది. మొగుడికి కూడా తెలియని ఈ దాపరికం 2016 నవంబరు 8న పెద్ద నోట్ల రద్దుతో బయటపడింది. గృహిణులు రూ.2.5 లక్షల వరకు బ్యాంకులో జమ చేసినా ఆరా తియ్యబోమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. పొదుపుకు చీటీ కట్టడం మరో దారి, అదీ నమ్మకస్తుల దగ్గరైతేనే.

గుంపుగా దాచుకోవడం అన్నిటికంటే గట్టి పద్ధతి. 1990ల్లో, సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత, నెల్లూరు జిల్లా మహిళలు పొదుపు సంఘాలు కట్టారు. ఒక్కొక్కరూ దాచింది రోజుకు ఒక్క రూపాయి.