పాఠము పిల్లవానికై వేచియుండు బడి

బంగారుపాళ్యం మార్కెట్టులో తోతాపురి మామిడి దిగు కాలము జూన్, జూలై మాసములు. కాయలు లారీలకెక్కి గుజ్జు ఫ్యాక్టరీలకు తరలిపోవు ఆ దినములలోనే పాఠశాలలును తెరువబడును. కోతకు పోవు కుటుంబములోని బాలుడొకడు పదునైదు దినములు బడికి రాలేదనుకొందము. అతడు తిరిగి వచ్చుసరికి తరగతి కూడికలను దాటి తీసివేతలలోనికి పోయియుండును. వానికై ఉపాధ్యాయుడు ఆగినచో తక్కినవారు ఆవులింతురు. ఆగనిచో వాడు ఏనాటికిని అందుకొనలేడు. క్రమముగా వానికి మొద్దు అను పేరు వచ్చును. తప్పు వానిది కాదు. ఒక వయసువారందరును ఒకేనాడు ఒకే పాఠమును నేర్వవలెనను ఏర్పాటుది.

ఈ చిక్కునకు పరిష్కారమొకటి ఈ సీమలోనే రూపొందినది. బంగారుపాళ్యమునుండి మొగిలి కనుమనెక్కి పలమనేరు, పుంగనూరుల మీదుగా పోయినచో మదనపల్లె వచ్చును. అది 1895లో జిడ్డు కృష్ణమూర్తి జన్మించిన పట్టణము. ఆయన సంకల్పబలమున వెలసిన ఋషివ్యాలీ విద్యాలయము ఆ సమీపమున ఒక లోయలో కలదు. భయమును, పోటీయును ఉన్నచోట నిజమైన విద్య ఉండదని ఆయన బోధించెను. అయితే అది విద్యార్థులు అక్కడనే వసించి చదువుకొను విద్యాలయము. చుట్టుపట్ల రైతుకూలీల బిడ్డలకు అది కనుచూపు మేరలో ఉండియు దూరమే. 1980 దశకమునుండి పద్మనాభరావు, రమ దంపతులు ఆ విద్యాలయము పక్షమున పరిసర పల్లెలలో ఏకోపాధ్యాయ పాఠశాలలను నెలకొల్పు పనికి పూనుకొనిరి. ఆ ఊళ్ల యువతీయువకులకే తర్ఫీదునిచ్చి ఉపాధ్యాయులను చేసిరి.

ఒకే పంతులు, ఐదు తరగతుల పిల్లలు: దీనిని లోకము లోపమని ఎంచును. వారు దానినే పునాదిగా గైకొనిరి. పాఠ్యపుస్తకమును విడదీసి అట్టముక్కలపై చిన్న చిన్న పనులుగా మార్చిరి. కొత్త విషయమును పరిచయము చేయు అట్టలు కొన్ని, అభ్యాసమునకు కొన్ని, పరీక్షకు కొన్ని. తడబడినవానికి మరల నేర్పుటకు వేరు, తేలికగా దాటినవానిని ముందునకు నడుపుటకు వేరు. ప్రతి అట్టమీదను బొమ్మగుర్తు ఉండుటచే చదువరాని పసివాడు సైతము తనకు కావలసినదానిని తానే తీసికొనగలడు. తానే మెట్టున నున్నాడో గోడమీది నిచ్చెనపటము వానికి చూపును.

పిల్లలు గుంపులుగా నేలపై కూర్చుందురు. ఒక గుంపునకు ఉపాధ్యాయుడు దగ్గరనుండి నేర్పును. మరియొకదానికి అప్పుడప్పుడు సాయపడును. ఇంకొకచోట పెద్దపిల్లలు చిన్నవారికి చెప్పుదురు. కొందరు తమంత తామే పని చేసికొందురు. పల్లె కథలు, పాటలు, బొమ్మలాటలు పాఠములలో చేరినవి. పిల్లలే సంత నడపి, తూచి, కొలిచి, చిల్లర లెక్కించి గణితము నేర్చుకొందురు.

ఇది మనకు బొత్తిగా కొత్తదా? మన వీధిబడిలో వయోభేదము లేక అందరును ఒకే అరుగుమీద కూర్చుండెడివారు; ఇసుకలో అక్షరములు దిద్దెడివారు; ముందు నేర్చినవాడు వెనుకవానికి చెప్పెడివాడు. పద్దెనిమిదవ శతాబ్ది చివర మద్రాసు అనాథాలయములో పనిచేసిన ఆండ్రూ బెల్ ఈ దేశపు బడిని చూచి, ఆ పద్ధతిని 1797లో లండనులో ప్రకటించెను. అది ఇంగ్లండున ‘మద్రాసు పద్ధతి’గా వ్యాపించినది. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ తన జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారని తెలుపుచు, పెద్దలు పిన్నలకు నేర్పు తీరును మెచ్చుకొనెను. పెరటిచెట్టు మందుకు రాదని మనము అనుకొనుచుండగా పరాయివాడు దాని వేరు త్రవ్వికొనిపోయెను! అట్లని వీధిబడి స్వర్గము కాదు. వల్లెవేత, బెత్తము, కోదండము దానితోబాటు ఉండినవి. ఆడపిల్లలకును, అణగారిన కులములవారికిని అందు చోటు అరుదు. పల్లెబడి ఆ గుణమును గ్రహించి, ఈ దోషమును విడిచినది.

ఈ విధానము సరిహద్దులు దాటినది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో ‘నలి-కలి’కి, పిదప చెన్నై కార్పొరేషను పాఠశాలలలోని కృత్యాధార బోధనకు ఇదియే ప్రేరణ. అయితే అట్టలను అచ్చువేయుట సులభము; ఒక్కొక్క పిల్లవానిని వేరువేరుగా ఎరిగిన ఉపాధ్యాయుని తయారుచేయుట కష్టము. ఆ తర్ఫీదు లేనిచోట నిచ్చెన గోడకు అలంకారముగా మిగులును. పిల్లవాడు అట్టలను వరుసగా ముగించును గాని నేర్చుకొనడు.

పిల్లలు తక్కువైరని చిన్నబడులను కలిపివేయవలెనను మాట తరచు వినవచ్చుచున్నది. ఆ నిర్ణయమునకు ముందు ఈ పల్లెబడులను చూచుట మంచిది. చిన్నబడి పేదబడి కానక్కరలేదని అవి చాటుచున్నవి. మామిడికోత ముగించుకొని వచ్చిన బాలుడు ఇట్టి బడిలో తాను విడిచిన మెట్టుమీదనే మరల కాలు మోపును. అతనిని మొద్దు అనుటకు అక్కడ ఎవ్వరికిని అవకాశము లేదు.